మా ఊరి నీళ్లు ఎంత ప్రమాదం? బోర్లు, పళ్లు, లెక్కలతో తేల్చుకునే పద్ధతి

కనిగిరి, పామూరు, పొదిలి, ఇటు నెల్లూరు జిల్లాలో ఉదయగిరి వైపు... ఎక్కడి నుంచి అడిగినా ప్రశ్న ఇదే. "నీళ్ల రిపోర్టులో ఫ్లోరైడ్ 2.8 అని వచ్చింది. ఇప్పుడు మా పిల్లలకి ఏమవుద్ది?"

రిపోర్టులోని ఆ ఒక్క అంకె దీనికి జవాబు చెప్పదు. నీళ్లలో ఎంత ఉంది, అందులో ఒంట్లోకి ఎంత పోతోంది, ఆ నీళ్లు తాగినవాళ్లలో ఎంతమందికి జబ్బు ఉంది, తాగనివాళ్లలో ఎంతమందికి ఉంది అనే నాలుగు లెక్కలూ కలిస్తేనే ప్రమాదం ఎంతో తెలుస్తుంది. జబ్బు ఎవరికి, ఎంతమందికి, ఎందుకు వస్తోందో లెక్కగట్టే ఎపిడెమియాలజీ అనే శాస్త్రం చేసే పని ఇదే. దీనికి పెద్ద చదువు అక్కర్లేదు. ఓపిక, ఒక నోట్‌బుక్, భాగహారం వస్తే సగం పని అయినట్టే. మిగతా సగానికి డాక్టరు, ల్యాబు కావాలి.

ఫ్లోరైడ్ వల్ల పళ్లు, ఎముకలు చెడతాయని (ఈ జబ్బునే ఫ్లోరోసిస్ అంటారు) మీరు కొత్తగా రుజువు చేయనక్కర్లేదు. 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లా గ్రామాల మీద ఆ పరిశోధన అచ్చయింది. మీ ఊళ్లో ఎంత, ఎవరికి, ఏ బోరు వల్ల అన్నదే మీరు తేల్చాల్సింది.

1. బయల్దేరే ముందు

జట్టులో కనీసం ముగ్గురు ఉండాలి. ఒకరు నీళ్ల సంగతి, ఒకరు పిల్లల పరీక్ష చూసుకోవాలి. మూడో మనిషి రాతపని తప్ప ఇంకేమీ పెట్టుకోకూడదు. రాసే మనిషే పరీక్ష కూడా చేస్తే సాయంత్రానికి సగం గడులు ఖాళీగా ఉంటాయి.

సిద్ధం చేసుకోవాల్సినవి:

- పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసరుకి ముందే చెప్పడం. ఏఎన్ఎం, ఆశా కార్యకర్తలు తోడుంటే ఇళ్ల తలుపులు తెరుచుకుంటాయి
- బడి హెడ్‌మాస్టరు అనుమతి, తల్లిదండ్రుల సంతకాలు
- పళ్ల డాక్టరుని ఒక్క రోజుకైనా ఒప్పించడం
- అర లీటరు ప్లాస్టిక్ సీసాలు, చెరగని మార్కర్ పెన్ను
- ఊరి పటం. చేత్తో గీసినదైనా చాలు, బోర్లు, చేతిపంపులు, ఓవర్‌హెడ్ ట్యాంకు, ఆర్‌ఓ ప్లాంటు కనిపించాలి
- ప్రతి పిల్లకీ ఒక నంబరు. పేర్ల జాబితా ఒకరి దగ్గరే, విడిగా ఉండాలి

నంబర్ల సంగతిని తేలిగ్గా తీసుకోవద్దు. ఫలానా వీధి ఆడపిల్లల పళ్లు గారపట్టాయన్న మాట బయటికి పొక్కితే పదేళ్ల తర్వాత పెళ్లి సంబంధాల్లో అదే మాట వినబడుతుంది. మనం మేలు చేయబోయి ఆ పిల్లలకి కీడు చేయకూడదు.

2. ప్రశ్నని ఒక్క వాక్యంలో రాయండి

"మా ఊళ్లో ఫ్లోరైడ్ సమస్య ఉందా?" అన్నది ప్రశ్న కాదు. దానికి ఎవరైనా ఏ జవాబైనా చెప్పొచ్చు.

ఇలా రాయండి: "మా ఊళ్లో పుట్టి పెరిగిన 8 నుంచి 11 ఏళ్ల పిల్లల్లో, ఎస్సీ కాలనీ బోరు నీళ్లు తాగి పెరిగినవాళ్లకి, సాగర్ కాలువతో నింపే చెరువు నీళ్లు తాగి పెరిగినవాళ్లకన్నా పళ్ల ఫ్లోరోసిస్ ఎక్కువగా ఉందా? ఉంటే ఎంత ఎక్కువ?"

అందులో నాలుగు ముక్కలుండాలి. ఎవరు, దేనికి గురయ్యారు, ఎవరితో పోలిక, ఏ జబ్బు. ఒక్కటి లేకపోయినా పని మొదలుపెట్టొద్దు. ఎక్కువగా ఎగిరిపోయేది పోలికే.

3. నీళ్లు కొలవడం

భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) పెట్టిన ఐఎస్ 10500 ప్రమాణం ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే నీళ్లు దొరకని చోట 1.5 దాకా ఒప్పుకుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శక విలువ కూడా 1.5.

శాంపిల్ తీసే వరుస:

1. చేతిపంపు అయితే కొన్ని నిమిషాలు కొట్టి పాత నీళ్లు పోనివ్వండి. మోటారు బోరుకీ అంతే.
2. అదే నీళ్లతో సీసాని రెండు మూడు సార్లు కడగండి.
3. గాజు సీసా వద్దు. ఫ్లోరైడ్ గాజుతో కలవగలదు, ప్లాస్టిక్‌దే వాడండి.
4. సీసా మీద అక్కడికక్కడే బోరు నంబరు, తేదీ, తీసినవాళ్ల పేరు రాయండి. ఇంటికి వెళ్లాక రాద్దామంటే తారుమారవడం ఖాయం.
5. పది సీసాలకి ఒకటి చొప్పున ఒకే బోరు నీళ్లని రెండు వేర్వేరు నంబర్లతో పంపండి. రెండు ఫలితాలూ దగ్గరగా వస్తే ల్యాబుని నమ్మొచ్చు.

గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబులో పరీక్ష చేయించండి. రంగు మారే ఫీల్డ్ కిట్లు జల్లెడ లాంటివి. ఏ బోర్లని ముందు చూడాలో అవి చెబుతాయి, అంతే. 1.2కీ 1.7కీ తేడా ఆ రంగుల్లో కచ్చితంగా తేలదు. నీళ్లలో క్లోరిన్ మిగిలి ఉన్నా రంగు తప్పుదారి పట్టిస్తుంది. తుది లెక్కకి ల్యాబులో ఎలక్ట్రోడ్‌తో (ఫ్లోరైడ్‌ని నేరుగా కొలిచే పరికరం) కొలిచిన అంకె ఉంటే మేలు.

ఏడాదికి రెండుసార్లు తీయండి. మన దగ్గర పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి కాబట్టి మే నెలలో ఒకసారి, జనవరిలో ఒకసారి. ఒక్క శాంపిల్‌తో ఏడాది మొత్తానికీ తీర్పు చెప్పకూడదు.

ఇక్కడ జరిగే తప్పులు, వాటి సవరణ

*టీడీఎస్ మీటరు చూసి ఫ్లోరైడ్ లేదనుకోవడం.* ఈ పొరపాటు ప్రతి ఊళ్లోనూ ఉంది. ఆర్‌ఓ ప్లాంటతను మీటరు ముంచి "90 చూపిస్తుంది, చాలా మంచి నీళ్లు" అంటాడు. ఆ మీటరు నీళ్లలో కరిగిన లవణాలన్నిటి మొత్తాన్ని అంచనా వేస్తుంది. అందులో ఫ్లోరైడ్ ఎంతో దానికి తెలియదు. ప్లాంటు నీళ్లని కూడా సీసాలో పట్టి ల్యాబుకి పంపండి.

*రుచి చూసి నమ్మడం.* "ఈ బోరు నీళ్లకి కందిపప్పు మెత్తగా ఉడుకుద్ది, సబ్బు నురగొస్తుంది, ఇవి మంచి నీళ్లే నాయనా" అని పెద్దవాళ్లు నమ్మకంగా చెబుతారు. కాల్షియం తక్కువున్న నీళ్లలో పప్పు బాగా ఉడుకుతుంది. అలాంటి నీళ్లలోనే ఫ్లోరైడ్ ఎక్కువ కరిగి ఉండటానికి వీలుంది. ఫ్లోరైడ్‌కి రంగు, వాసన, రుచి ఏవీ ఉండవు. కాబట్టి పప్పు ఉడికే బోర్లని జాబితాలోంచి తీసేయొద్దు, ముందు వాటినే కొలవండి.

*ఊరికంతా ఒకే అంకె వేయడం.* పక్కపక్క వీధుల బోర్లలోనే తేడా ఉంటుంది. మండలం సగటు తీసుకుని వ్యక్తి గురించి మాట్లాడితే తప్పు తీర్పు వస్తుంది. బోరు వారీగా రాయండి.

4. ఒంట్లోకి ఎంత పోతోంది

నీళ్లలో ఉన్నదంతా ఒంట్లోకి రాదు. తాగేదాన్ని బట్టే వస్తుంది. ఇంటింటికీ వెళ్లి ఇవి అడగండి:

- తాగే నీళ్లు ఎక్కడివి? వంట నీళ్లు ఎక్కడివి? (ఈ రెంటినీ కలిపి అడగొద్దు)
- రోజుకి ఎన్ని చెంబులు? చెంబుని చూసి, అది ఎంత పడుతుందో కొలవండి
- పొలానికి, పనికి పోయినప్పుడు ఏ నీళ్లు తాగుతారు?
- టీ రోజుకి ఎన్నిసార్లు? టీ ఆకులోనూ ఫ్లోరైడ్ ఉంటుంది
- ఈ నీళ్లు ఎన్నేళ్ల నుంచి? అంతకుముందు ఏవి?
- వలస వెళ్లొచ్చారా? ఎక్కడికి, ఎన్నాళ్లు?

చాలా ఇళ్లలో తాగడానికి 20 లీటర్ల క్యాన్ కొంటారు. అన్నం, పప్పు, పులుసు మాత్రం బోరు నీళ్లతోనే చేస్తారు. అన్నం ఉడికేటప్పుడు ఫ్లోరైడ్ ఆవిరైపోదు. నీళ్లు మరిగించినా పోదు, నీరు తగ్గేకొద్దీ చిక్కనవుతుంది. అందుకే వంట నీళ్ల ప్రశ్న విడిగా ఉండాలి.

ఇప్పుడు లెక్క. బోరులో ఫ్లోరైడ్ లీటరుకు 3 మిల్లీగ్రాములు అనుకుందాం.

నీడపట్టున కూర్చుని రెండు లీటర్లు తాగే మనిషికి రోజుకి 6 మిల్లీగ్రాములు చేరతాయి. మే ఎండలో మిరప కోతకో ఉపాధి పనికో వెళ్లి నాలుగు లీటర్లు తాగే ఆమెకి 12 మిల్లీగ్రాములు. వంట, టీ ఇంకా కలపలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ సమీక్ష ప్రకారం అన్ని దారుల నుంచీ కలిపి రోజుకి 6 మిల్లీగ్రాములు దాటితే ఎముకల మీద ప్రభావం పెరుగుతుందని సూచనలున్నాయి. 14 దగ్గర ప్రమాదం స్పష్టంగా కనిపించింది. ఆ ఆధారం వచ్చింది భారతదేశం, చైనాల నుంచే. మన కూలీ అక్క నీళ్లతోనే 12కి చేరిపోయింది. ఒకే బోరు, ఒకే రిపోర్టు, కానీ ఒంట్లోకి పోయేది రెట్టింపు. నీళ్లు ఎంత తాగుతారో చూడకుండా, లీటరుకు ఇంత అన్న హద్దుని 40 డిగ్రీలు దాటే ఒంగోలు, నెల్లూరు ఎండలకి కళ్లు మూసుకుని అన్వయించకూడదని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

పిల్లలకి బరువుతో భాగించండి. 15 కిలోల పిల్ల అదే నీళ్లు ఒక లీటరు తాగితే కిలోకి 0.2 మిల్లీగ్రాములు. 50 కిలోల పెద్దమనిషి రెండు లీటర్లు తాగితే కిలోకి 0.12 మాత్రమే.

5. పళ్ల పరీక్ష

పళ్లు ఎందుకంటే, అవి డైరీ లాంటివి. ఎనామెల్ (పంటి గట్టి పైపొర) తయారయ్యే వయసులో తాగిన నీళ్ల గుర్తు జీవితాంతం ఉండిపోతుంది. ముందు పళ్లకి మొదటి మూడు నాలుగేళ్లు కీలకం. పదేళ్ల పిల్ల పళ్ల మీద మచ్చ కనిపిస్తే అది ఈ రోజు నీళ్ల గురించి కాదు, ఆ పిల్ల పాకే వయసులో, నడక నేర్చే వయసులో ఇంట్లో ఉన్న నీళ్ల గురించి చెబుతోంది.

ఇది మర్చిపోయిన చోట జరిగే అనర్థం చూడండి. "మూడేళ్లుగా క్యాన్ నీళ్లే తాగుతున్నాం, అయినా పళ్లు ఇట్టాగే ఉండాయి, క్యాన్ నీళ్లు కూడా పనికిరావు" అని మళ్లీ బోరుకి పోయిన కుటుంబాలున్నాయి. వాళ్లింట్లో చిన్నపిల్లలకి అది నష్టం. అందుకే పరీక్ష రోజునే తల్లులకి ఈ సంగతి విడమరిచి చెప్పండి.

జాతీయ ఫ్లోరోసిస్ కార్యక్రమంలో 6 నుంచి 11 ఏళ్ల బడిపిల్లల్ని చూస్తారు. ఆరేళ్లకి శాశ్వతమైన ముందు పళ్లు ఇంకా పూర్తిగా రావు కాబట్టి పోలికలకి 8 నుంచి 11 ఏళ్లవాళ్లని విడిగా లెక్కేయమంటాను.

పరీక్ష వరుస:

1. పగటి వెలుతురులో, కిటికీకి ఎదురుగా కూర్చోబెట్టండి. ట్యూబులైటు కింద వద్దు.
2. పళ్లు కడిగించి దూదితో తుడవండి. ఎంగిలి తడి మెరుపులో సన్నటి తెల్ల గీతలు కనబడవు.
3. ఎక్కువ దెబ్బతిన్న రెండు పళ్లని చూడండి. రెండూ ఒకేలా లేకపోతే, వాటిలో తక్కువ దెబ్బతిన్న పన్నుకి మార్కు వేయండి. పళ్ల ఫ్లోరోసిస్‌ని మార్కుల్లో కొలిచే డీన్ సూచికలో పద్ధతి అదే.
4. మార్కులు: మామూలు 0, అనుమానం 0.5, చాలా స్వల్పం 1, స్వల్పం 2, మధ్యస్థం 3, తీవ్రం 4.
5. ఇరవై మంది పిల్లల్ని మధ్యాహ్నం మళ్లీ చూసి, పొద్దున మార్కులతో పోల్చండి. తేడాలు ఎక్కువుంటే ఆగి, ఇద్దరు పరీక్షకులూ ఒక మాట మీదకి వచ్చాకే ముందుకెళ్లండి.

ఫ్లోరోసిస్ మచ్చలు కుడి ఎడమ పళ్ల మీద జంటగా వస్తాయి. అడ్డగీతల్లాగా, సుద్దలాగా మొదలై, తీవ్రమైతే గోధుమ రంగుకి మారతాయి. తోమితే పోవు. చిగుళ్ల అంచున గార, ఒక్క పన్ను మీదే ఉన్న మచ్చ, పుచ్చు... ఇవి ఫ్లోరోసిస్ కాదు.

పరీక్షకులకి ఆ పిల్ల ఏ బోరు నీళ్లు తాగిందో తెలియకూడదు. తెలిస్తే, ఎంత నిజాయితీపరులైనా, ఫ్లోరైడ్ వీధి పిల్లల అనుమానపు మచ్చకి 1 వేస్తారు, చెరువు నీళ్ల పిల్లలకి 0 వేస్తారు. పిల్లల్ని కలిపి ఒకే వరుసలో, నంబర్లతో పంపండి.

ఇంకో పొరపాటు, సర్కారు బడిలో ఉన్న పిల్లల్ని మాత్రమే చూసి ఊరంతా చూశామనుకోవడం. పొద్దున్నే వ్యానెక్కి టౌనులో కాన్వెంటుకి పోయే పిల్లలున్నారు. బడి మానేసి గొర్రెల వెంట పోయేవాళ్లు, తల్లిదండ్రులతో వలస పోయినవాళ్లు ఉన్నారు. వ్యాను పిల్లల ఇళ్లలో క్యాన్ నీళ్లు ఎక్కువుండొచ్చు. వాళ్లని వదిలేస్తే జబ్బు శాతం పెరిగి కనిపిస్తుంది. ఆశా దగ్గరుండే ఇళ్ల జాబితాతో సరిచూసి, ఆదివారం ఇంకోసారి వెళ్లండి.

6. పోలిక, భాగహారం

ఒక ఊహా లెక్కతో చూద్దాం. బోరు నీళ్లతో పెరిగిన 120 మందిలో 66 మందికి ఫ్లోరోసిస్. చెరువు నీళ్లతో పెరిగిన 100 మందిలో 10 మందికి.

మొదటి జట్టులో 55 శాతం, రెండోదాంట్లో 10 శాతం. ఇక్కడి నుంచి మూడు అంకెలు తీయొచ్చు.

*నిష్పత్తి:* 55ని 10తో భాగిస్తే 5.5. బోరు పిల్లలకి ప్రమాదం అయిదున్నర రెట్లు. కారణం నీళ్లేనా అని వాదించేటప్పుడు ఇది పనికొస్తుంది.

*తేడా:* 55లోంచి 10 తీస్తే 45. ప్రతి వంద మంది పిల్లల్లో 45 మందికి అదనంగా వచ్చింది. నిధులు అడిగేటప్పుడు ఈ అంకె చెప్పండి. రెట్లు అంటే భయం పుడుతుంది కానీ, ఎంతమంది అన్నది తెలియదు.

*నీళ్ల వాటా:* 45ని 55తో భాగిస్తే సుమారు 82 శాతం. బోరు పిల్లల్లో ఉన్న ఫ్లోరోసిస్‌లో అంత భాగం ఆ నీళ్లు మారిస్తే రాకుండా ఉండేది. ఇది నీళ్లే కారణమని తేలాక మాత్రమే చెప్పాల్సిన మాట.

ఎంతమందిని చూశారో రాయని శాతం పనికిరాదు. ఆరుగురిలో ముగ్గురికి ఉంటే 50 శాతమే. కానీ అసలు సంగతి 12 నుంచి 88 శాతం మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. 120 మందిలో 60 మందికి ఉంటే అదీ 50 శాతమే, అయితే ఆ హద్దులు 41, 59కి దగ్గరవుతాయి. చిన్న ఊరైతే పక్క ఊళ్లని కలుపుకోండి.

7. మెట్లుమెట్లుగా పెరుగుతోందా?

బోర్లని నాలుగు గుంపులు చేయండి: 1 లోపు, 1 నుంచి 1.5, 1.5 నుంచి 3, 3 పైన. ప్రతి గుంపుకీ పిల్లల సగటు మార్కు కట్టండి.

ఉదాహరణకి ఒక గుంపులో 50 మంది. మామూలు 20, అనుమానం 8, చాలా స్వల్పం 8, స్వల్పం 7, మధ్యస్థం 5, తీవ్రం 2. మార్కులతో హెచ్చవేస్తే 0, 4, 8, 14, 15, 8. మొత్తం 49. దాన్ని 50తో భాగిస్తే 0.98.

ఈ సగటు 0.6 దాటితే అది ప్రజారోగ్య సమస్య అని డీన్ పద్ధతిలో లెక్క. నీళ్లలో ఫ్లోరైడ్ పెరిగేకొద్దీ ఈ సగటు కూడా పెరుగుతూ పోతే మీ ఆధారం చాలా బలపడినట్టు. పెరగకపోతే కంగారుపడి అంకెలు సర్దొద్దు. పాత బోరు ఎండిపోయి కొత్తది వేశారేమో అడగండి. ఎక్కువసార్లు చిక్కు అక్కడే ఉంటుంది, పిల్ల పెరిగిన బోరు ఒకటి, మనం కొలిచింది ఇంకొకటి.

8. పెద్దవాళ్ల నడుము, కీళ్లు: ఇక్కడ నిదానం

నేను మొదట్లో చేసిన తప్పు చెబుతాను. అరుగు మీద పదిమందిని కూర్చోబెట్టి, "ఈ బోరు నీళ్లు తాగినప్పటి నుంచి కీళ్ల నొప్పులు వస్తున్నాయా?" అని అడిగాను. అందరూ చెయ్యెత్తారు. నోట్‌బుక్ నింపుకుని సంబరంగా వచ్చాను. తర్వాత కాలువ నీళ్లు తాగే ఊళ్లో అదే ప్రశ్న అడిగితే అక్కడా దాదాపు అందరూ చెయ్యెత్తారు. ముప్ఫై ఏళ్లు నడుం వంచి నాట్లు వేసినవాళ్లకి, అరవై దాటినవాళ్లకి నొప్పులుండవా? జవాబుని నేనే ప్రశ్నలో పెట్టి అడిగాను. ఆ నోట్‌బుక్ మొత్తం పక్కన పడేయాల్సి వచ్చింది.

సరైన పద్ధతి ఇది. నీళ్ల మాట ఎత్తకుండా, "పెద్దాయనా, ఒంట్లో ఎట్టా ఉంది?" అని మొదలుపెట్టండి. తర్వాత మూడు పనులు చేయించండి. మోకాళ్లు వంచకుండా ముందుకి వంగి కాలి వేళ్లు తాకడం, గడ్డం ఛాతీకి ఆనించడం, చేతులు చాచి మడిచి తల వెనక పెట్టుకోవడం. ఎవరు ఏది చేయలేకపోయారో వయసుతో, చేసిన పనితో సహా రాయండి.

ఇది వడపోత మాత్రమే. చేయలేనివాళ్లందరికీ ఎముకల ఫ్లోరోసిస్ ఉన్నట్టు కాదు. వాళ్లని డాక్టరు చూడాలి, ముంజేయి, నడుము, వెన్ను ఎక్స్‌రే తీయాలి. ఎముకల మార్పులు సాధారణంగా నీళ్లలో 3 నుంచి 6 మిల్లీగ్రాములున్నచోట కనిపిస్తాయి. మనిషిని వంచేసే తీవ్ర రూపం 10 దాటినచోట ఎక్కువ. మీ బోరు 1.8 అయితే, ఊళ్లో నడుం నొప్పులన్నిటినీ దాని మీద వేయడం తొందరపాటు.

9. కారణం నీళ్లేనా? నలుగురూ వేసే అడ్డు ప్రశ్నలు

జబ్బుకి కారణం ఏదో తేల్చడానికి బ్రిటన్ గణాంక శాస్త్రవేత్త బ్రాడ్‌ఫోర్డ్ హిల్ 1965లో చెప్పిన తొమ్మిది కోణాల్లో ఊరి పనికి బాగా అక్కరకొచ్చేవి ఇవి:

- నీళ్లు ముందా, జబ్బు ముందా? జబ్బుకి ముందే ఆ నీళ్లు తాగి ఉండాలి. ఇది తప్పితే మిగతావేవీ చూడనక్కర్లేదు
- మోతాదుతో జబ్బు పెరుగుతోందా?
- వేరే ఊళ్లలో, వేరేవాళ్లు చూసినా ఇదే తేలిందా?
- తేడా పెద్దదేనా, లేక కాకతాళీయంగా వచ్చేంత చిన్నదా?

వీటికి తోడు, మధ్యలో దూరే కారణాలని ఏరిపారేయాలి. బోరు నీళ్లు తాగేవాళ్లే పేదవాళ్లు కూడా అయితే, వాళ్ల పిల్లలకి పాలు, రాగులు తక్కువ. కాల్షియం తక్కువైన ఒంట్లో ఫ్లోరైడ్ దెబ్బ ఎక్కువ. అప్పుడు నీళ్ల పాపం ఎంత, తిండి లేమి ఎంత? ఒకే ఆర్థిక స్థితిలో ఉన్న బోరు ఇళ్లని, చెరువు నీళ్ల ఇళ్లని విడిగా పోల్చండి. అక్కడ కూడా తేడా నిలబడితే మీ మాట నిలబడుతుంది.

కిడ్నీ జబ్బుల విషయంలో మరీ జాగ్రత్త. కిడ్నీ దెబ్బతిన్న మనిషి ఒంట్లోంచి ఫ్లోరైడ్ సరిగా బయటికి పోదు. కాబట్టి కిడ్నీ రోగుల ఒంట్లో ఫ్లోరైడ్ ఎక్కువ కనిపించినంత మాత్రాన అదే కిడ్నీని పాడుచేసిందని రాయకూడదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఎక్కువగా ఉన్న కిడ్నీ జబ్బుకి ఇన్నేళ్ల పరిశోధన తర్వాత కూడా కారణం ఖాయంగా తేలలేదు. ఊరివాళ్ల బాధ నిజం. అందుకే తప్పు కారణం చూపించి వాళ్లని తప్పు దారిలో పంపకూడదు.

10. నీళ్లు కాక దుమ్ము అయితే

చీమకుర్తి గ్రానైట్ క్వారీల వైపు నుంచి అడిగేవాళ్ల కోసం ఈ ముక్క. పద్ధతి అదే, మూడు చోట్ల మాత్రం మారుతుంది.

ఒకటి, సిలికా దుమ్ముతో వచ్చే సిలికోసిస్ బయటపడటానికి సాధారణంగా పదేళ్లు, అంతకన్నా ఎక్కువే పడుతుంది. రెండేళ్ల కిందట చేరిన కుర్రాళ్లని చూసి జబ్బు లేదనుకోవద్దు. ఎవరు ఎన్నేళ్లు, ఏ పని చేశారో రాయండి. డ్రిల్లింగ్, కటింగ్ చేసినవాళ్లు వేరు, డ్రైవర్లు వేరు.

రెండు, ఈ రోజు పనిలో ఉన్నవాళ్లని మాత్రమే చూస్తే క్వారీ ఆరోగ్యంగా కనిపిస్తుంది. ఆయాసం వచ్చినవాళ్లు పని మాని ఇంటికి పోయి ఉంటారు. పాత మస్టర్లు చూసి, మానేసినవాళ్లని, చనిపోయినవాళ్లని కూడా లెక్కలోకి తేవాలి.

మూడు, సిలికా పీల్చినవాళ్లకి టీబీ వచ్చే ప్రమాదమూ ఎక్కువ. టీబీ అని మందులు వాడినవాళ్ల వివరాలు అడగడం మర్చిపోవద్దు.

11. కాగితం మీద పెట్టి, తీసుకెళ్లడం

నివేదిక రెండు పేజీలు దాటొద్దు. పటం, బోర్ల పట్టిక, పిల్లల పట్టిక, పోలిక, ఏం కావాలో ఒక్క పేరా.

- ప్రతి శాతం పక్కనా ఎంతమందిలో ఎంతమంది అన్నది ఉందా?
- నీళ్లు తీసిన తేదీలు, ల్యాబు పద్ధతి రాశారా?
- మీ లెక్కలోని లోపాలు మీరే రాశారా? వాళ్లు పట్టుకోకముందే మనం చెబితే మిగతాది నమ్ముతారు
- పిల్లల పేర్లు, ఫొటోలు ఎక్కడా లేవుగా?

ముందు గ్రామసభలో చదివి వినిపించండి. ఊరికి తెలియకుండా ఊరి గురించి బయట చెప్పడం న్యాయం కాదు. తర్వాత సచివాలయం, పీహెచ్‌సీ, గ్రామీణ నీటి సరఫరా ఏఈ. అక్కడ కదలకపోతే కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే రోజు వెళ్లండి.

జవాబు వచ్చేదాకా ఖాళీగా ఉండొద్దు. ఊళ్లో 1 లోపు ఉన్న బోరు మీద ఆకుపచ్చ రంగు, 1.5 దాటినదాని మీద ఎరుపు వేయించండి. ఈ రెంటికీ మధ్య ఉన్నవి వేరే నీళ్లు లేనప్పుడే అని చెప్పండి. ఎర్ర బోరు నీళ్లు బట్టలకి, పశువుల కొట్టం కడగడానికి సరే. ఆకుపచ్చ బోరు నీళ్లు సరిపడా లేకపోతే, ముందు ఎనిమిదేళ్ల లోపు పిల్లలున్న ఇళ్లకి, గర్భిణులకి. వంటకి కూడా అవే.

12. మళ్లీ ఎప్పుడు కొలవాలి

నీళ్లు మారాక పళ్లు చూసి ఫలితం లేదనుకోవడం చివరిగా జరిగే తప్పు. ఉన్న మచ్చలు పోవు. కొన్ని నెలల్లో మార్పు చూపించేది మూత్రంలోని ఫ్లోరైడ్. నీళ్లు మార్చే ముందు ముప్ఫై మంది పిల్లల మూత్రం పరీక్ష చేయించి పెట్టుకోండి, ఆరు నెలలకి అదే పిల్లలకి, అదే వేళకి మళ్లీ చేయించండి. తగ్గకపోతే ఎవరైనా ఇంకా ఎర్ర బోరు నీళ్లతోనే వండుతున్నారేమో చూడండి.

పళ్ల లెక్కకి మాత్రం చాలా ఆగాలి. కొత్త నీళ్లు వచ్చిన ఏడాది పుట్టిన పిల్లల పేర్లు అంగన్‌వాడీ రిజిస్టరులోంచి ఇప్పుడే రాసి పెట్టుకోండి. వాళ్లకి ఎనిమిదేళ్లు నిండినప్పుడు పై ముందు పళ్లు వచ్చి ఉంటాయి. అప్పుడు ఆ పిల్లల్ని కిటికీ దగ్గర కూర్చోబెట్టి, దూదితో తుడిచి, ఇదే పట్టికలో మార్కులు వేయండి.